బంకమొద్దు మారేదాకా

మొదటి నమోదు. రోహిణి కార్తె, ఎండ మండిపోతోంది

పొద్దున్నే గేటు తీసేసరికి మళ్ళీ కట్టేసి పోయారు. రెండు తుప్పుమేకలు, ఒక కుంపటిపిల్లి. మూడూ మధ్యరూపాలే. ఒక మేక మెడలో అట్టముక్క వేలాడదీసి ‘మంచి ఇంటికి ఇవ్వగలరు’ అని రాశారు. అంటే తమది మంచి ఇల్లు కాదని వాళ్ళే ఒప్పుకున్నట్టు.

కొత్తగట్టు బందెలదొడ్డికి కాపలాదారుని నేను. పేరు లాస్య. అరవై దాటిన మనిషికి ఆ పేరేమిటని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, మా తరంలో అందరివీ అలాంటి పేర్లే. వెనకటికి బందెలదొడ్డి అంటే పరాయి చేలో పడ్డ పశువుల్ని తోలే చోటు. సముద్రం లోపలికి వచ్చాక చేలూ పోయాయి, పశువులూ పోయాయి. ఇప్పుడు జనం వదిలేసిన జీవాల్ని ఇక్కడికి తోలుతున్నారు. ఏ జీవం ఏం తిన్నదో, ఏది చచ్చిందో రోజూ రాయమని ఊరి సంఘం ఈ తెరపలక ఇచ్చింది. ఎవరూ చదవరు కనుక నా అభిప్రాయాలు కూడా రాసుకుంటున్నాను. ఇంకెవరికి చెప్పను?

నా చిన్నప్పుడు ‘అడవిజట్టు’ అని ఒక ఆట ఉండేది. అరచేతిలో పట్టే యంత్రం, అందులో పచ్చటి గడ్డి. గడ్డిలో నడుస్తుంటే జీవాలు ఎదురయ్యేవి. వాటిని నీరసపరచి బుట్టలో పట్టుకుని, పెంచి, ఇంకొకరి జీవాలతో పోటీకి దింపేవాళ్ళం. ప్రతి జీవానికీ మూడు రూపాలు. ఆ ఆట ఆడిన పిల్లలే పెద్దయి పెంపకశాలలు పెట్టి, ఆ జీవాలకి నిజంగా రక్తమాంసాలు ఇచ్చి గుడ్లు అమ్ముతున్నారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది వాళ్ళు, కడుగుతున్నది నేను.

ఆటలో కూడా మధ్యరూపాన్ని ఎవరూ ప్రేమించలేదు. మొదటిది ముద్దొస్తుంది, మూడోది గొప్పగా ఉంటుంది. మధ్యలోదాని దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గీసేవాళ్ళు కూడా అలిసిపోయేవాళ్ళనుకుంటాను. కాళ్ళు పొడుగు చేసి, మొహంలో ముద్దుతనం తీసేసి, ఇక చాల్లే అని వదిలేసేవాళ్ళు. కుంపటిపిల్లి సంగతే చూడండి. చిన్నప్పుడు ఒళ్ళో పడుకుంటే చలికాలం దుప్పటి అక్కర్లేదు. కుంపటిపులి అయ్యాక వీధి మొత్తానికి నీళ్ళు కాస్తుంది. నడుమ మాత్రం ఒళ్ళంతా పొగ. బట్టలు పాడు, గోడలు పాడు, ఇంటిల్లిపాదికీ దగ్గు. గుడ్డు కొనేటప్పుడు ఈ పొగ గురించి ఎవరికీ గుర్తుండదు.

తుప్పుమేకలకి పాత మేకులు వేశాను. పిల్లికి బొగ్గు వేశాను. నడుం నొప్పి.

రెండో నమోదు. రోహిణి కార్తె, వడగాలి

ఇవాళ గవర్రాజు కుడి మడమ మీద సన్నటి చీలిక చూశాను.

గవర్రాజు దొడ్డి జీవం కాదు, నా జీవం. ఎవరో గేటు దగ్గర పారేసిన గుడ్డు నా వంటింట్లోనే పగిలింది. బంకపిల్ల. అరచేతిలో పట్టే మట్టిముద్ద, దానికి రెండు కళ్ళు. ఏ పిల్లయినా మూడు గీతల్లో గీసేయగలదు. మంచి జీవానికి అదే గుర్తని నా అభిప్రాయం. ఈ మధ్య వచ్చే జీవాలకి కొమ్ములు, కవచాలు, కవచాల మీద నగలు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

ఇప్పుడు వాడు రెండో రూపం, బంకమొద్దు. నా నడుమెత్తు ఉంటాడు. చేతులు నేలకి రాసుకుంటాయి, కాళ్ళు పొట్టి, నోరు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. నడిచిన చోటల్లా తడి మట్టి. ఊళ్ళో నా పాత పరిచయస్తుడు చైతన్యగారు చూసినప్పుడల్లా ‘ఇదేం అవతారమండీ’ అంటారు. కాకి పిల్ల కాకికి ముద్దు. పొద్దున్నే నేను లేచేసరికి మంచం పక్కన కూర్చుని నా మొహంలోకి చూస్తూ ఉంటాడు. నేను కళ్ళు తెరవగానే ‘మ్ మ్’ అంటాడు. ఆ శబ్దం కోసమే లేస్తున్నాను, అబద్ధమెందుకు.

ఆటలో బంకమొద్దుని నూరేళ్ళయినా బంకమొద్దుగానే ఉంచుకోవచ్చు. మారబోతుంటే రద్దు మీట నొక్కితే ఆగిపోయేది. నేను ఎన్నిసార్లు నొక్కానో. ప్రాణం పోశాక ఆ మీట లేదు. మధ్యరూపాన్ని నిలబడటానికి తయారుచేయలేదు, దాటడానికి చేశారు. దాటకపోతే కుంపటిపిల్లి చల్లారిపోతుంది. తుప్పుమేక రాలిపోతుంది. బంకమొద్దు ఎండి చీలుతుంది. చీలిక మడమ దగ్గర మొదలై, పైకి పాకి, గుండె దగ్గరికి చేరిందంటే ఇక అంతే. దొడ్డి వెనక దిబ్బలో ఇప్పటికే చాలా వాటిని పూడ్చాను. గవర్రాజుని పూడ్చలేను. అది నా వల్ల కాదు.

తడి గోనెపట్టా చుట్టాను. ఆముదం రాశాను. తడి ఉన్నంతసేపు చీలిక కనపడదు. ఆరగానే మళ్ళీ నోరు తెరుస్తుంది.

మూడో నమోదు. మృగశిర ప్రవేశించింది, చినుకు లేదు

పిల్లి మారాలంటే ఎత్తు ఎక్కాలి. మేక మారాలంటే ఇనుము తినాలి. బంకమొద్దు మారాలంటే చెయ్యి మారాలి. ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్తేనే అది బంకదొర అవుతుంది. ఆటలోనూ అంతే.

నాకు ఆ పద్ధతంటే అప్పట్లోనే ఒళ్ళుమంట. స్నేహితులు లేని పిల్ల ఏం చేయాలి? ఎంత కష్టపడి పెంచినా, ఎన్ని పోటీలు గెలిచినా, నీకు ఇంకో మనిషి లేకపోతే నీ జీవం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఆట చేసినవాళ్ళకి స్నేహితులు చాలామంది ఉండి ఉంటారు.

అందుకే మేం, అడవిజట్టు పిచ్చివాళ్ళం, ఒక ఆచారం పెట్టుకున్నాం. దానిపేరు చేబదులు. నా జీవాన్ని నీకిస్తాను. నీ చేతికి వెళ్ళగానే అది మారుతుంది. మారగానే నువ్వు నాకు తిరిగి ఇచ్చేస్తావు. పేరు మార్చకూడదు, పొద్దుగూకేలోగా తిరిగి ఇవ్వాలి, దానికి ఒక్క ముద్దయినా పెట్టి పంపాలి. మాటతప్పినవాడితో జన్మలో ఎవరూ ఆడేవాళ్ళు కాదు. నా చిన్నతనం మొత్తంలో నాకు బాగా అర్థమైన మర్యాద అదొక్కటే.

మా ఊళ్ళో ఆ ఆచారం తెలిసినవాళ్ళు ఇద్దరమే మిగిలాం. రెండో ఆయన చైతన్యగారు. పూర్వం రేవులో జనాన్ని దాటించే పంటు నడిపేవారు, ఇప్పుడు గట్టుకి ఆ చివర ఇల్లు. మూడోరూపాల పిచ్చి. రెక్కలూ మంటలూ ఉంటే చాలు, లొట్టలు వేస్తారు. దేవజీవాలంటే ఇంకా వెర్రి. లోకాన్ని సృష్టించిన జీవాన్ని పట్టుకుని బుట్టలో వేసుకుని, పిల్లకాయల పోటీలో రేగుపళ్ళ కోసం దింపితే దానికేం మర్యాద, మనకేం మర్యాద అని నేను, ‘బలమున్నోడికే మర్యాదండి’ అని ఆయన. నలభై ఏళ్ళుగా ఇదే గొడవ.

ఇవాళ వెళ్ళి విషయం చెప్పాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు.

“చేబదులే కదండీ. దానికింత మొహం వేలాడేశారేంటి? తీసుకురండి.”

“మీ దగ్గర బదులివ్వడానికేముంది? చేబదులంటే ఉత్తచేత్తో కుదరదు కదా.”

“మా తుప్పుపీత ఉంది కదండీ. దాన్ని తీసుకెళ్ళండి. కాకపోతే జాగర్త, మీ గుమ్మం గడియ తినేస్తుంది.”

రేపు పొద్దున అనుకున్నాం. పొద్దుగూకేలోగా నా గవర్రాజు బంకదొర అయి ఇంటికి వస్తాడు. ఎంత తేలిక. ఇన్నాళ్ళూ ఎందుకు ఆలస్యం చేశానంటే, మొద్దుగా ఉన్నా నాకు ముద్దే కనుక.

నాలుగో నమోదు. మృగశిర, ఉక్కపోత

మారలేదు.

పొద్దున అప్పగించాను, పీతని తెచ్చుకున్నాను. పీత గడియ తిన్నది. సాయంత్రం వెళ్ళేసరికి చైతన్యగారి గేటు దగ్గర గవర్రాజు వీధివైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ‘మ్ మ్’ అంటూ లేచాడు. చీలిక మోకాలికి చేరింది.

“ముద్ద పెట్టానండి, తినలేదు. పొద్దుటినుంచీ అక్కడే కూర్చున్నాడు. ఎండలోంచి లాగితే లేచి మళ్ళీ అక్కడికే.”

ఆటలో ఇది జరగదు. రెండు యంత్రాలకీ తీగ కలిపామా, తెర తెల్లబడిందా, సంగీతం వచ్చిందా, అయిపోయింది. ఒక్క పూట చాలకపోయి ఉంటుందని అనుకుని అక్కడే ఉంచమని చెప్పి వచ్చాను. వస్తుంటే గేటు సందుల్లోంచి చెయ్యి చాపాడు. నేను వెనక్కి తిరిగి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఎవరైనా పట్టుకుంటారు.

ఐదో నమోదు. మృగశిర, మబ్బు పట్టి విడిచింది

నేను ఊరుకోలేదు. రోజూ వెళ్ళాను. వాడు వేరే మట్టి తినడని మా పెరటి మట్టి బొచ్చెలో కలిపి తీసుకెళ్ళాను. ఆముదం నేనే రాశాను, చైతన్యగారికి చేత కాదని. ఒకరోజు గోడ ఇవతల నుంచే చూసి వచ్చేద్దామనుకున్నాను, గోడ ఇవతల నేనున్నానని వాడికి ఎలా తెలిసిందో, గోడకి చెవి ఆనించి నిలబడ్డాడు.

చీలిక తొడ దాటింది. ఎడమకాలికి కూడా మొదలైంది. నడుస్తుంటే పెంకులు రాసుకున్న చప్పుడు.

ఇవాళ చైతన్యగారు గేటు తీయలేదు. గేటు ఇవతల నన్ను నిలబెట్టి మాట్లాడారు.

“లాస్యగారండి, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. మీరు పలకలో రాసిన దొడ్డి నమోదులు మీరే చూసుకోండి. అక్కడి నుంచి జనం పట్టుకెళ్ళిన బంకమొద్దులన్నీ మారాయా లేదా?”

“మారాయి.”

“ఎప్పుడు మారాయండి?”

నాకు తెలుసు. కొత్తింటికి వెళ్ళాక కొన్నాళ్ళు దొడ్డివైపు చూస్తూ కూర్చుంటాయి. తర్వాత ఒకరోజు చూడటం మానేస్తాయి. చూడటం మానేసిన సాయంత్రం మట్టిలోకి దిగి, పైన మట్టి కప్పుకుని, బంకదొరలై లేస్తాయి. పాత మనిషి వాసన ఒంట్లోంచి పోయి కొత్త మనిషి వాసన పట్టాలి. పెంపకశాలవాళ్ళు తీగ బదులు పెట్టిన ముడి అదే. ఈ సంగతి వచ్చినవాళ్ళందరికీ నేనే చెప్పి పంపుతాను. నా జీవం దగ్గరికి వచ్చేసరికి ఆటలో సూత్రం గుర్తొచ్చింది కానీ ఇది గుర్తు రాలేదు.

“మీరు వాణ్ణి నాకివ్వలేదండి. చేబదులిచ్చారు. మీకు తెలుసు, నాకు తెలుసు, వాడికీ తెలుసు. రేపో మాపో వచ్చి తీసుకెళ్తారని వాడి నమ్మకం. నమ్మకం ఉన్నన్నాళ్ళూ మారడు.”

“అయితే నేను రావడం మానేస్తాను.”

“మానెయ్యలేరండి. ఊరు ఇంత చిన్నది. గాలి మళ్ళితే మీ వాసన ఇక్కడికొస్తుంది. మీ గొంతు నాకే వినపడుతుంది, మేకల్ని తిట్టేటప్పుడు.”

ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. ఆయన గేటు తీసి గవర్రాజుని నా చేతికిచ్చి, నాతో దొడ్డిదాకా వచ్చి తన పీతని తీసుకున్నారు. ముద్ద పెట్టారు. గడువు నేనే పొడిగించాను కనుక ఆచారం ప్రకారం అంతా సవ్యంగానే జరిగింది. వాడి చీలిక తప్ప.

ఆరో నమోదు. మృగశిర చివర, సముద్రం వైపు మెరుపులు

ఎగువ లంక నుంచి ఒకావిడ వచ్చింది. పాపాయమ్మ. ముప్పయ్యేళ్ళుంటాయి. ఇప్పటి పిల్లలకి మళ్ళీ పాత పేర్ల మోజు. అక్కడ గోదావరి మధ్యలో దొండపాదులు వేస్తుందట. వరదొస్తే లంక అంచు కోసుకుపోతోందని, గట్టు కట్టగలిగే జీవం ఏదైనా ఉంటే ఇప్పించమని అడిగింది. అడవిజట్టు పేరే వినలేదు.

“ఆటంటండి? బలే. మాకు ఆడుకోడానికి తీరికెక్కడిదండి,” అంది.

తుప్పుమేకని చూపించాను. మట్టిపనికి మేకేం చేస్తుందండి అంది. నిజమే. అంతలో గవర్రాజు గోనెపట్టాలు ఈడ్చుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు. పాపాయమ్మ వాడి కాళ్ళు చూసింది. కింద కూర్చుని, అడక్కుండానే చీలిక మీద బొటనవేలితో రాసింది.

“ఎండిపోతన్నాడండి పాపం. ఈడు మట్టోడేనా?”

“వాడు ఇవ్వడానికి కాదు.”

“అలాగేనండి.”

లేచింది. పడవ సాయంత్రానికని, అందాకా కాస్త నీడలో కూర్చుంటానని అడిగింది. కూర్చున్న చోట ఊరుకోక నా చేతిలో పార లాక్కుని మేకల దొడ్డి శుభ్రం చేసింది. వాడు నన్ను వదిలి కొంచెం దూరం వెళ్ళి ఆవిడ పార కేసి చూసి, మళ్ళీ వచ్చి నా చీర పట్టుకున్నాడు.

లంకకి పడవలో రాత్రంతా ప్రయాణం. అక్కడికి నా గొంతు వినపడదు. గాలి ఎంత మళ్ళినా నా వాసన చేరదు. నేనూ ఊరికే వెళ్ళలేను, దొడ్డి వదిలి ఒక్కపూట కదిలితే వీటికి మేత వేసేవాళ్ళు లేరు. ఇవన్నీ పొయ్యి దగ్గర కూర్చుని లెక్క వేసుకున్నాను. వేసుకుంటుంటే అన్నం మాడింది.

చీలిక నడుము మీదికి వచ్చింది.

సాయంత్రం ఆవిడ వెళ్ళబోతుంటే పిలిచాను. “ఇవాళ్టి పడవ పోనివ్వు. రేపు వెళ్దువుగాని. వాణ్ణి తీసుకెళ్దువుగాని,” అన్నాను.

“మళ్ళీ ఎప్పుడు తెచ్చియ్యమంటారండి?”

ఎవరు నేర్పారో ఆ ప్రశ్న. చేబదులు గురించి ఆవిడకి తెలియదు, మామూలుగానే అడిగింది.

“తేవద్దు,” అన్నాను.

ఏడో నమోదు. ఆరుద్ర, తొలి వాన

పొద్దున్నే కుంకుడుకాయలు నానేసి పులుసు తీశాను. గవర్రాజుని పెరట్లో నిలబెట్టి ఒళ్ళంతా రుద్దాను. పెళ్ళికూతురికి కూడా ఎవరూ అలా నలుగు పెట్టి ఉండరు. వాడికి స్నానమంటే ఇష్టం. ‘మ్ మ్’ అంటూ చేతులు చాపాడు, వీపు తిప్పాడు. నేను వదలగొడుతున్నది నా వాసన అని వాడికేం తెలుసు. నా చేతులకి కూడా ఆవిడ జీవాలకి వాసన చూపిద్దామని తెచ్చుకున్న లంక మట్టి పూసుకుని రుద్దాను, కడిగిన చోట మళ్ళీ నేను అంటకుండా. గోనెపట్టాలు కూడా పాతవి తీసేసి ఆవిడ సంచి చింపి చుట్టాం.

రేవులో పాపాయమ్మ వాడి పేరడిగింది. చెప్పాను.

“గవర్రాజా? అమ్మో, మా మాఁవగారి పేరండి. పిలవలేను. అబ్బులు అంటానండి, ఏఁవనుకోకండి.”

పేరు మార్చకూడదు. చేబదులులో మొట్టమొదటి నియమం. నోటిదాకా వచ్చింది. కానీ ఇది చేబదులు కాదని నేనే కదా ఒప్పుకున్నాను. “నీ ఇష్టం అమ్మా,” అన్నాను. గుండెలో చీలిక అంటే ఏమిటో వాడి కంటే నాకే ముందు తెలిసింది.

పడవ ఎక్కడానికి వాడు రాలేదు. నా చీర కుచ్చెళ్ళు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చేతులు మట్టివే అయినా పట్టు గట్టిది. చైతన్యగారూ నేనూ కలిసి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాం. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. పడవ కదిలాక వాడు అంచు దగ్గర నిలబడి చెయ్యి చాపాడు. ఈసారి నేను పట్టుకోలేదు, వెనక్కి నడిచాను. వాన పడుతోంది కనుక చీలికలు తడిగా ఉంటాయి, దారిలో నొప్పి తెలియదని చైతన్యగారు అన్నారు. ఆయన అన్నది మంచికే.

ఎనిమిదో నమోదు. ఆరుద్ర, ముసురు

కుంపటిపిల్లి మారింది. నీళ్ళ ట్యాంకు మెట్లు ఎక్కించి ఎక్కించి నా మోకాళ్ళు పోయాయి కానీ, మొత్తానికి పులి అయింది. వెంటనే ముగ్గురు వచ్చారు, మాకంటే మాకని. పొగ కక్కినన్నాళ్ళూ ఒక్కడూ రాలేదు. ముగ్గురినీ తిట్టి, అందరికంటే తక్కువ మాట్లాడినవాడికి ఇచ్చాను.

ఆటలో ఒక సదుపాయం ఉండేది. ఒక పెట్టె. చేతిలో జట్టుకి ఆరు జీవాలే. మిగిలినవన్నీ ఆ పెట్టెలో వేసేయొచ్చు. వందలు వేశాను నేను. ఏం తిన్నాయి, ఎలా ఉన్నాయి అని ఒక్కసారి అనుకోలేదు. ఎప్పుడు తీసినా అలాగే తాజాగా ఉండేవి. జీవాల్ని పెంచడం అంటే అంతేనని ఒక తరం మొత్తం నేర్చుకుంది. ఆ ఆట మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే. దేవజీవాల సంగతి తర్వాత.

లంక నుంచి కబురు లేదు. వరదకి తీగలు తెగి ఫోన్లు పలకడం లేదు. పొద్దున లేచేసరికి మంచం పక్కన ఎవరూ లేరు. కాసేపు కళ్ళు మూసుకునే పడుకుని, తప్పదు కనుక లేచాను. మేకలు రెండూ మేకుల కోసం గేటుని పొడుస్తున్నాయి.

చైతన్యగారు పెసరట్లు వేసి పంపించారు. తర్వాత తనే పిలవకుండా వచ్చి, పీత తిన్న గడియ బదులు కొత్తది కూడా బిగించారు. గొడవ పెట్టుకుందామని దేవజీవాల మాట ఎత్తారు. నాకు ఓపిక లేకపోయింది. “మీరే గెలిచారు లెండి,” అన్నాను. ఆయన భయపడిపోయి జ్వరమేమోనని నా నుదురు చూశారు.

తొమ్మిదో నమోదు. పునర్వసు, తెరిపి ఇచ్చింది

మధ్యాహ్నం ఫోన్ మోగింది. పాపాయమ్మ.

“పిన్నిగారూ, అబ్బులు మారేడండి.”

ఆవిడే చెప్పుకుపోయింది.

“ఇంతెత్తున్నాడండి, మా పాక చూరు తగులుతంది. ఒక్క చీలిక లేదండి ఒంటిమీద. కడిగిన కుండలాగ నున్నగున్నాడు. మళ్ళీ రెండోసారి వరదొచ్చిన రోజు లంక అంచున పడుకుండిపోయేడండి అడ్డంగా. అటు నీళ్ళు ఇటు రానియ్యలేదు. మా దొండపాదులు నిలబడ్డాయండి.”

“ఎప్పుడు మారాడు?”

“వచ్చిన కాడి నించీ రేవులోనే కూర్చునేవోడండి. తిండి అక్కడికే పట్టికెళ్ళేదాన్ని. పడవొత్తే లేచేవోడు, దిగినోళ్ళందర్నీ చూసేవోడు, మళ్ళీ కూలబడేవోడు. చీలిక గుండెల కాడికి వచ్చేసిందండి. నాకు బయమేసి మీకు ఫోన్ చేద్దునా అంటే తీగలు లేవు. ఆదివారం నేను గట్టు మీద మట్టేత్తంటే నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఎత్తడం మొదలెట్టేడు. అప్పుడే పడవొచ్చిందండి, కూత కూడా యేసింది. ఆడు తల తిప్పలేదు.”

“అసలు తిప్పలేదా?”

“లేదండి. పనిలో పడిపోయేడు. ఆ సాయంత్రమే మట్టిలోకి దిగేడు.”

కుర్చీ కోసం చూసి, కనపడక గడప మీద కూర్చున్నాను. వాడు బతికాడు. దిబ్బలో వాడి కోసం గొయ్యి తవ్వక్కర్లేదు. ఆ మాట నాకు నేను రెండుమూడు సార్లు చెప్పుకున్నాను. అయినా నా మనసు ఆ పడవ దగ్గరే ఆగిపోయింది. కూత వేసినా వాడు తల తిప్పని ఆ పడవ దగ్గర. అందులో నేను లేనని వాడికి తెలుసు. ఎప్పటికీ ఉండనని తెలుసుకున్నాడు.

“మాటాడతారా పిన్నిగారూ? మొకం కాడ పెడతానండి. పిలవండి, ఏఁవంటాడో చూద్దాం.”

నేను వద్దనేలోపే పెట్టేసింది. అవతల పెద్ద ఊపిరి వినపడింది, వాననీళ్ళు మట్టిలోకి ఇంకుతున్నట్టు. గవర్రాజూ అన్న పిలుపు నాలుక మీద ఉంది. అది వింటే గుర్తుపడతాడేమోనని ఆశ. గుర్తుపడితే పని వదిలేసి మళ్ళీ ఆ రేవులో కూర్చుంటాడేమోనని భయం. మారినవాడు ఎదురుచూస్తే ఏమవుతుందో దొడ్డిలో నేను ఇంతవరకూ చూడలేదు. చూడదలుచుకోలేదు.

“అబ్బులూ,” అన్నాను.

‘మ్’ అన్నాడు. ఒక్కసారే. గొంతు లోతుగా, పెద్దమనిషి గొంతులా ఉంది. ఊళ్ళో ఎవరు పలకరించినా అనేటట్టే అన్నాడు.

“పలికేడండి,” అంది పాపాయమ్మ సంబరంగా. “ఎవరో పిలిచేరని అటూ ఇటూ చూత్తన్నాడు.” అంతలోనే మళ్ళీ అంది. “ఎళ్ళిపోయేడండి. గట్టు కాడ పనుంది కదా.”

“వెళ్ళనీ అమ్మా. మట్టి తడిగా ఉండగానే పని అవ్వాలి,” అన్నాను.

ఫోన్ పెట్టేశాక గడప మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషమా అంటే సంతోషమే, దుఃఖమా అంటే దుఃఖమే. వాడు నన్ను మరిచిపోయి బతికాడు. చిన్నప్పటి నుంచీ ఆడుతున్నాను, ఈ ఆట ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదు.